శక్తిమాన్‌ను ఎవరి వాకిట్లో చూసినాం?

ఈ మధ్య 'తొంభైల పిలకాయలు' అనే మాట బాగా వాడుకలోకి వచ్చింది. దూరదర్శన్, యాంటెన్నా, ఆదివారం మధ్యాహ్నం, శక్తిమాన్, పార్లే-జి బిస్కెట్టు - వీటన్నిటినీ ఒక మూటగా కట్టి 'మన చిన్నతనం' అంటున్నారు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, దూరదర్శన్ ఈ సీరియల్‌ను మళ్ళీ వేసింది. 2022 ఫిబ్రవరిలో సోనీ పిక్చర్స్ దీన్ని సినిమాగా తీస్తామని ప్రకటించింది. ఆ రెండు సందర్భాల్లోనూ 'మన హీరో తిరిగొచ్చాడు' అని చాలామంది మురిసిపోయారు. మేం ఆగుతున్నది ఈ 'మన' అనే మాట దగ్గర. ఈ 'మనం'లో ఎవరున్నారు? ఎవరి ఇంట్లో టీవీ ఉండింది, ఎవరు మంచం మీద కూర్చున్నారు, ఎవరు కిటికీ ఊచలు పట్టుకోని నిలబడినారు? జ్ఞాపకాలకు కులం లేదనుకునే వాళ్ళతో మాకు పేచీ ఉంది.

మేం తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల హరిజనవాడల్లో, అరుంధతివాడల్లో పెరిగి, బడులకు పోయి, యూనివర్సిటీ హాస్టళ్ళలో ఒకరికొకరం పరిచయమైన వాళ్ళం. మా ఊర్లు వేరు వేరైనా శక్తిమాన్ చూసిన తీరు మాత్రం ఒక్కటే. టీవీ ఊర్లో ఉండేది. మేం వాడలో ఉండేవాళ్ళం. పడసాలలో టీవీ, దాని ముందర మంచం మీద ఆ ఇంటి పిలకాయలు, చాప మీద పక్కిండ్ల పిలకాయలు, గడప బయట మేము. 'ఒరేయ్, గాలి రాలేదు, పక్కకు జరగండిరా' అంటే జరిగేది. తలుపు మూస్తే ఆ వారానికి కథ సరి.

ఇంకో సంగతి కూడా చెప్పాల. చూడనిచ్చినారు కదా, అది మంచితనం కాదా అని కొందరు అడుగుతారు. ఊరికే చూడనీలేదు. ముందుగా దూడను కట్టేయాల, పేడ ఎత్తాల, అంగడికి పోయి బీడీ కట్టో కిరసనాయిలో తేవాల. 'రేపు మీయమ్మను కలుపుకు రమ్మని చెప్పు' అనే కబురు మోసుకుపోవాల. సినిమా టెంటులో అయితే డబ్బిస్తే టికెట్టు చేతికిస్తారు, నేల టికెట్టయినా లోపల కూర్చోబెడతారు. ఇక్కడ టికెట్టు మా పని, సీటు వాకిలి. వెట్టి అనేది చేలల్లోనే ఉంటుందనుకుంటాం. ఒక సీరియల్ చుట్టూ కూడా అది అల్లుకుంటుందని మా చిన్నతనం చెబుతుంది.

వాడలోకి టీవీ ఆలస్యంగా వచ్చింది. బెంగుళూరుకో మద్రాసుకో కూలికి పోయినవాళ్ళు వాయిదాల మీద తెచ్చిన చిన్న నలుపు తెలుపు పెట్టెలే మొదటివి. 2006లో తమిళనాడు ప్రభుత్వం ఉచిత కలర్ టీవీల పథకం పెట్టినప్పుడు, సరిహద్దు అవతల మా చుట్టాల ఇండ్లల్లోకి రంగుల పెట్టెలు వచ్చినాయి. అప్పటికి శక్తిమాన్ అయిపోయింది. 1997 సెప్టెంబర్‌లో మొదలైన సీరియల్ 2005 మార్చిలో ముగిసింది. సొంత ఇంట్లో, చాప పరుచుకోని, ఎవరికీ జవాబు చెప్పకుండా దాన్ని చూసినవాళ్ళు మాలో కొద్దిమందే.

ఇక సీరియల్‌లోకి వద్దాం. శక్తిమాన్‌గా వేసింది ముఖేష్ ఖన్నా, దర్శకుడు దినకర్ జానీ. అంతకు ముందు, 1988 - 90 మధ్య వచ్చిన మహాభారత్ సీరియల్‌లో భీష్ముడు ఈయనే. తీసిన సంస్థ పేరు కూడా భీష్ముడిదే. చిత్తూరు జిల్లా వాళ్ళకు భారతం కొత్తది కాదు. ద్రౌపదమ్మ, ధర్మరాజుల గుళ్ళ దగ్గర పగలు హరికథ, రాత్రి వీధినాటకం, తపస్సుమాను, చివర దుర్యోధన వధ - ఇవి ఈ నేల మీద ఏటేటా జరిగేవే. పలకలు కొట్టి ఆ తిరునాళ్ళను నడిపించే మా నాయనలు గుడి లోపలికి ఎంతవరకు పోగలిగినారో ఊరూరా అడిగితే తెలుస్తుంది. అంటే గడప బయట నిలబడి కథ చూడటం మాకు టీవీతో మొదలైంది కాదు. టీవీ ఆ గడపను ఇంటింటికీ తెచ్చింది.

శక్తిమాన్ మామూలు మనిషిగా ఉండేటప్పుడు ఆయన పేరు పండిత్ గంగాధర్ విద్యాధర్ మాయాధర్ ఓంకార్‌నాథ్ శాస్త్రి. ఒక పత్రికలో ఫోటోగ్రాఫర్. ఎత్తుపళ్ళు, కళ్ళద్దాలు, చాదస్తం. ఆయన శక్తి ఎక్కడిది? సూర్యాంశులనే ఋషుల పరంపర ఆయన్ను ఎంచుకుంది. యోగం, కుండలిని, ఏడు చక్రాలు, పంచభూతాలు - వీటి ద్వారా ఆ శక్తి వచ్చింది. పూర్వజన్మ లెక్క కూడా ఉంది. పిలకాయల సీరియల్‌లో ఇవన్నీ ఎందుకు వెతుకుతారని అనొచ్చు. పిలకాయల సీరియల్ గనకే వెతకాల. పెద్దవాళ్ళకు వాదించి చెప్పాల్సింది పిలకాయలకు బొమ్మగా చూపిస్తే చాలు. శక్తి అనేది పరంపరలో దొరుకుతుంది, గురువులు ఎంచుకున్న వాడికే దొరుకుతుంది, పూర్వజన్మ పుణ్యం ఉండాల - ఇదే కదా వర్ణ ధర్మం కూడా చెప్పేది? దానికి రంగు డ్రస్సు వేసి గిరగిరా తిప్పినారు, అంతే తేడా.

దీనికి ఒక ఎదురు వాదన ఉంది. గంగాధర్‌ను చూసి అందరూ నవ్వుతారు, కాబట్టి ఇది బ్రాహ్మణుణ్ణి ఎగతాళి చేసిన సీరియల్ అంటారు కొందరు మిత్రులు. మేం ఒప్పుకోం. మారువేషం పని మారువేషంలో ఉన్నవాణ్ణి ఎవరూ అనుమానించకుండా చూడటం. చుట్టూ అంత పెద్ద పేరు, శ్లోకం ఉన్న మనిషి ఏ ఆఫీసులోకైనా పోతాడు, ఏ ఇంట్లోకైనా పోతాడు. జనం నవ్వుతారు గానీ 'నువ్వెవరు, ఇక్కడికెందుకొచ్చినావు' అని అడగరు. అదే ఆ ఫోటోగ్రాఫర్ మా వాడ నుంచి పోయినవాడై, ఇంటిపేరుతో సహా తెలిసినవాడై ఉంటే? దొంగతనం జరిగిన ప్రతిచోటా కనబడకుండా పోయి, మళ్ళీ వచ్చే మనిషిని మొదట స్టేషన్‌కు పిలుస్తారు. అంటే కనబడకుండా తిరగగలగడం కూడా ఒక కుల హక్కే. ఆయనకు రెండు శక్తులున్నాయి. కుండలినితో వచ్చింది ఒకటి, పేరుతో వచ్చింది ఇంకొకటి. రెండోది లేకుంటే మొదటిదాన్ని దాచుకోలేడు.

ఇక చీకటి సంగతి. ప్రతినాయకుడు తమ్‌రాజ్ కిల్విష్. చీకటే నిలవాలనేది అతని నినాదం. వెలుగు మంచిది, చీకటి చెడ్డది. విలన్ల పక్కన ఉండే శలాక నల్లపిల్లిగా మారుతుంది. డాక్టర్ జాకాల్ సైన్సు చదివి చెడిపోయినవాడు. అంటే చదువుకొని ప్రయోగం చేసేవాడు దుర్మార్గుడు, తపస్సు చేసినవాడు రక్షకుడు. నలుపు ఎక్కడ కనబడినా భయపడమని చెప్పే బొమ్మల మధ్య నల్లటి పిలకాయలం మేం కూర్చుని చప్పట్లు కొట్టినాం. ఆటలో వేషాలు పంచుకునేటప్పుడు ఎర్రగా ఉండేవాడు శక్తిమాన్, మాలో నల్లనివాడు కిల్విష్. ఇది ఎవరూ ఎవరికీ నేర్పలేదు, నేర్పాల్సిన పని లేకపోయింది.

కానీ మా వాడలో చీకటి విలన్ తెచ్చింది కాదు. కరెంటు స్తంభాలు ఊరి చివర ఆగిపోతే వచ్చింది. ఆ చీకటిని ఎవరు నిలబెట్టినారో మాకు పేర్లతో తెలుసు. పంచాయితీ తీర్మానాల్లో ఉంది, ఓట్లప్పుడు ఇచ్చిన మాటల్లో ఉంది. వీధి దీపం కోసం అర్జీలు పెట్టి, మండలాఫీసు చుట్టూ తిరిగి, చివరికి ఒక బల్బు వేయించుకున్న మా పెద్దలను ఏ సీరియలూ హీరోలనలేదు. చీకటిని ఒక రాక్షసుడి స్వభావంగా చూపిస్తే, దాన్ని తయారుచేసే లెక్క కనబడకుండా పోతుంది. మా విమర్శలో ముఖ్యమైన మాట ఇదే. వెలుగుకూ చీకటికీ యుద్ధమని చెప్పే కథలు, వెలుగును ఎవరు పంచుకుంటున్నారో చెప్పవు.

సీరియల్‌లో చివర నీతులు ఉండేవి. పిలకాయ తప్పు చేస్తాడు, శక్తిమాన్ వచ్చి చెబుతాడు, పిలకాయ 'సారీ శక్తిమాన్' అంటాడు. శుభ్రంగా ఉండు, చెత్త వేయొద్దు, అబద్ధం ఆడొద్దు. మంచి మాటలే. మరి ఒకే బోరింగు దగ్గర వాడంతా బిందెలు పెట్టుకోని నిలబడే చోట శుభ్రత ఎవరి తప్పు? ఊరి చెత్త ఎత్తేది మా అమ్మలే అయితే 'చెత్త వేయొద్దు' అనే నీతి ఎవరికి చెప్పాల? దోషాన్ని పిలకాయ ఒక్కడి మీద పెట్టి, క్షమాపణ కూడా వాడి చేతనే చెప్పించే నీతి అది. మాకు సారీ చెప్పాల్సిన వాళ్ళెవరూ ఆ సీరియల్‌లోకి రాలేదు.

ఆ రోజుల్లో కొందరు పిలకాయలు శక్తిమాన్ వచ్చి కాపాడతాడని నమ్మి దెబ్బలు తగిలించుకున్నారని పేపర్లు రాసినాయి. తర్వాత ఆయనే తెర మీదికి వచ్చి, ఇవి ట్రిక్కులు, చేయొద్దని చెప్పాల్సి వచ్చింది. అప్పుడు పేపర్లు పిలకాయల అమాయకత్వం గురించి మాట్లాడినాయి. మేం ఆ నమ్మకాన్ని ఇంకో వైపు నుంచి చూస్తాం. 1985లో కారంచేడు, 1991లో చుండూరు చూసిన తల్లిదండ్రుల బిడ్డలం మేం. ఆపద వేళ ఎవరూ ఎగిరి రారని మా ఇండ్లల్లో బాగా తెలుసు. రాత్రి బయటికి పోవద్దు, ఎవరన్నా తిడితే తలొంచుకోని వచ్చేయ్ అనేవి మా అమ్మలు చెప్పిన హెచ్చరికలు. ఎవరో వచ్చి రక్షిస్తారని నమ్మగలగడం కూడా కొందరికే దొరికిన చిన్నతనం.

ఇంత చెప్పినాక, మరి మీరు ఎందుకు చూసినారు, ఎందుకు ఇష్టపడినారు అని అడగొచ్చు. సంతోషపడినాం. అది దాచేది లేదు. సీరియల్ హిందీలో ఉండేది, మాకు హిందీ రాదు. ఇంట్లో తెలుగు, సంతలో సగం తమిళం. శాస్త్రి అనే పేరు బరువు మాకు చేరలేదు, కుండలిని మాట అర్థం కాలేదు. మాకు చేరింది తిరగడం. ఒంటికాలి మీద గిర్రున తిరిగి, కనబడకుండా పోయి, ఇంకోచోట తేలడం. తువ్వాలు మెడకు కట్టుకోని, కళ్ళం మధ్యలో తల తిరిగి పడేదాకా తిరిగినాం. ఈ చోట ఉండాల్సిన వాడు ఆ చోటికి పోవచ్చుననే ఒక్క బొమ్మను ఆ సీరియల్ నుంచి మేం పీకి తెచ్చుకున్నాం. భాష రాకపోవడం ఒక్కోసారి మేలు చేస్తుంది. తీసినవాళ్ళు పెట్టిన అర్థం అంతా లోపలికి పోదు.

అయినా మాకు వేషం మార్చే కథ టీవీతో కొత్తగా రాలేదు. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర ఉంది. ఆడబిడ్డలను చెరపట్టే పాళెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ వేషాలు మారుస్తుంది. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, ఇంకా సున్నపు కుండలు. దొర వేషంలో ఉండగా పాళెగాడు బయటికి వస్తాడు, అమ్మ చంపుతుంది. ఊరంతా వేషాలేసుకోని బూతులు తిడతారు, మగవాళ్ళు చీరలు కట్టుకుంటారు. 2024 డిసెంబర్‌లో వచ్చిన పుష్ప-2 సినిమాతో ఈ జాతర వేషం దేశమంతా తెలిసింది. శక్తిమాన్‌తో పోల్చి చూడండి. అక్కడ శక్తిని దాచేది శాస్త్రి వేషం. ఇక్కడ అమ్మ తోటి అవుతుంది, మాతంగి అవుతుంది. అక్కడ శత్రువు చీకటి. ఇక్కడ శత్రువు అధికారం ఉన్న మగవాడు, ఊరిలోనే ఉన్నాడు.

దీన్ని చూసి మురిసిపోవాల్సిన పని లేదు. ఈ వేషాలు కట్టే హక్కు కైకాల కుటుంబాలది. తోటి పని తరతరాలుగా చేసిన వాళ్ళకు ఆ వేషం కట్టే హక్కు లేదు. మాతంగి మా ఆడవాళ్ళ పేరు, మా పేరు వాళ్ళ ఒంటి మీద ఒక్కరోజు ఊరేగుతుంది. ఆ ఒక్కరోజు తోటి కాళ్ళకు మొక్కిన ఊరు మరుసటి రోజు తోటిని ఎలా పిలుస్తుందో అందరికీ తెలుసు. కాబట్టి టీవీ చెడ్డది, జాతర మంచిది అని మేం చెప్పడం లేదు. రెండిట్లోనూ వేషం ఎవరిది, ఒళ్ళు ఎవరిది అని అడగాలంటున్నాం.

బయటి దేశాల్లో ఏం జరిగిందో కూడా చూడాల. 1938లో కామిక్స్‌లోకి వచ్చిన సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఇద్దరూ వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు. 1966లో బ్లాక్ పాంథర్ అనే నల్ల వీరుడు కామిక్స్‌లోకి వచ్చినాడు. అదే ఏడు అదే పేరుతో అమెరికాలో నల్లవాళ్ళ పార్టీ పుట్టింది. ఆ పార్టీ స్ఫూర్తితో 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ వచ్చినారు. వాళ్ళు ఆ పేరు తెచ్చుకున్నది సంఘం కోసం. ఎగిరే వీరుడి కోసం కాదు. 2011లో వచ్చిన 'భీమాయన' అంబేడ్కర్ బతుకును గోండు చిత్రాలతో చెప్పింది. అందులో ముఖ్యమైన సంగతులు నీళ్ళు, ఇల్లు, ప్రయాణం. మా వాడ మొగలో నిలబడిన విగ్రహానికి కోటు ఉంది, చేతిలో పుస్తకం ఉంది. ఆయన ఎక్కడికీ ఎగరడు. ఆయన్ను కూడా శక్తిమాన్‌ను చేసి దండలేసి కూర్చునే ప్రమాదం మనకు ఉంది. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో ఆయనే హెచ్చరించినారు, రాజకీయాల్లో భక్తి పతనానికి, నియంతృత్వానికి దారి తీస్తుందని.

ఉపాధ్యాయ మిత్రులకూ, విద్యార్థులకూ మా విన్నపం ఒకటి. 'మన చిన్నతనం' అని పాఠంలోనో, సభలోనో, వ్యాసంలోనో ఎవరన్నా మొదలుపెడితే మూడు ప్రశ్నలు అడగండి. టీవీ ఎవరింట్లో ఉండింది? మీరు ఎక్కడ కూర్చున్నారు? చూసేదానికి ముందు ఏం పని చేసినారు? జవాబులు రాసిపెట్టండి, ఊర్ల వారీగా, వాడల వారీగా. గడప లోపలి జ్ఞాపకాలు ఇప్పటికే పుస్తకాలుగా, సినిమాలుగా వచ్చేస్తున్నాయి. వాకిట్లో నిలబడినవాళ్ళవి ఇంకా రాయాల్సి ఉంది. అవి చేరినప్పుడే తొంభైల గురించి 'మనం' అనే మాట వాడే అర్హత ఎవరికైనా వస్తుంది.