స్వల్ప అసౌకర్యం

సూసన్ బర్టన్ చేసిన ‘ది రిట్రీవల్స్’ పాడ్‌కాస్ట్ మొదటి సీజన్ 2023లో వచ్చింది. అమెరికాలో యేల్ యూనివర్సిటీ ఫెర్టిలిటీ సెంటర్‌కి అండాలు తీయించుకోడానికి వెళ్ళిన ఆడవాళ్ళ కథ. నొప్పి తెలియకుండా ఇవ్వాల్సిన ఫెంటనిల్‌ని అక్కడి నర్సు ఒకామె దొంగిలించి, సీసాల్లో ఉప్పునీళ్ళు నింపి పెట్టింది. బల్ల మీద ఉన్నవాళ్ళు నొప్పి అని చెప్పారు. కొందరు అరిచారు. పని ఆగలేదు. 2020 చివర్లో సంగతి బయటపడింది, అదీ పేషెంట్లు మొత్తుకున్నందుకు కాదు, ఒక సీసా మూత వదులుగా కనిపించినందుకు. నెలల తరబడి అంతమంది ఆడవాళ్ళ గొంతులు నమ్మించలేనిదాన్ని ఒక చిన్న మూత నమ్మించింది.

విన్నవాళ్ళు ఎక్కువగా ఆ నర్సు గురించే మాట్లాడారు. ఆమెకి నాలుగు వారాంతాల జైలుశిక్ష వేశారు, అది చాలదని కొందరు, పాపం అని కొందరు. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ ఆడవాళ్ళు తమకి తాము చెప్పుకున్న సమాధానాలు. నా ఒంటికి మందు ఎక్కదేమో, నాకే ఓర్పు తక్కువేమో, బిడ్డ కావాలనుకుంటే ఇంత పడాలేమో! బర్టన్ ఈ సమాధానాల దగ్గర ఆగుతుంది, తొందరపడి జాలి చూపించదు. క్రైమ్ పాడ్‌కాస్టులకి అలవాటైన చెవులకి ఆ నెమ్మది కొంచెం విసుగనిపించొచ్చు కూడా. నాకైతే ఆ సిరీస్ బలమంతా అక్కడే ఉంది.

నా పేచీ వేరే చోట. నొప్పి గురించి మనల్ని ఐదు ఎపిసోడ్లు కూర్చోబెట్టడానికి ఆ సిరీస్‌కి ఒక దొంగ కావాల్సి వచ్చింది. దొంగ ఉంది కాబట్టి నేరం, నేరం ఉంది కాబట్టి కోర్టు, కోర్టు ఉంది కాబట్టి నొప్పికి రుజువు. సీసాలో నిజంగా ఉప్పునీళ్ళే ఉన్నాయి, కాబట్టి వాళ్ళకి నిజంగానే నొప్పి పుట్టింది! మరి సీసాయే లేని చోట?

పోయినేడాది నాకు కాల్పోస్కోపీ చేశారు. పాప్ టెస్ట్‌లోనో హెచ్‌పీవీ టెస్ట్‌లోనో తేడా వస్తే తర్వాత చేసే పరీక్ష ఇది. స్పెక్యులమ్ పెట్టి, గర్భాశయ ముఖద్వారం మీద 3 నుంచి 5 శాతం ఎసిటిక్ యాసిడ్ అద్దుతారు, అంటే ఇంచుమించు మన వంటింటి వెనిగర్. తేడాగా ఉన్న కణాలు తెల్లబడతాయి. తర్వాత అయోడిన్ పూసి, పెద్దగా చూపించే అద్దాల్లోంచి చూసి, అనుమానం వచ్చిన చోట కొన్ని మిల్లీమీటర్ల ముక్క తుంచి బయాప్సీకి పంపుతారు. ఒక్కోసారి లోపలి కాలవని గీకి కూడా తీస్తారు. మంచి పరీక్షే. క్యాన్సర్ ఇంకా క్యాన్సర్ కాకముందే దొరుకుతుంది. మళ్ళీ చేయించుకోవాల్సి వస్తే చేయించుకుంటాను.

కానీ అక్కడ ఫెంటనిల్ లేదు. ఎవరైనా కొట్టేయడానికి అసలు ఏ మందూ లేదు. “ఆ పార్ట్‌లో నరాలు ఉండవు మేడమ్, చీమ కుట్టినట్టుంటుంది అంతే” అంది డాక్టర్. “ఒక్కసారి గట్టిగా దగ్గండి.” దగ్గాను. చీమ కాదు. పొత్తికడుపులో చెయ్యిపెట్టి మెలితిప్పి లాగినట్టు, తొడల దాకా. “అయిపోయింది, అయిపోయింది” అంటూనే ఇంకో రెండు ముక్కలు తీసింది. ఆవిడ మంచి డాక్టర్, చెయ్యి తిరిగిన మనిషి, మర్యాదగా మాట్లాడింది. దగ్గమనడం కూడా ఉత్తుత్తి చిట్కా కాదు, దాన్ని మత్తు ఇంజెక్షన్‌తో పోల్చి చూసిన అధ్యయనాలే ఉన్నాయి. ఇందులో విలన్ లేరు. విలన్ లేరు కాబట్టి దీని మీద పాడ్‌కాస్టూ రాదు.

కానీ చదవడానికి ఒక టెక్స్ట్ ఉంది. ముందురోజు నా చేతిలో పెట్టిన రెండు పేజీల కరపత్రం, ఒకవైపు ఇంగ్లీషు, ఒకవైపు తెలుగు. పుస్తకాల మీద రాసే అలవాటున్నవాళ్ళకి ఏదీ ఊరికే చదవబుద్ధి కాదు కదా. ఎన్ని రోజులు మరకలు కనపడొచ్చో అందులో ఉంది. ఎన్నాళ్ళు భర్తకి దూరంగా ఉండాలో ఉంది (అందరికీ భర్త ఉంటాడన్నమాట). రక్తం ఆపడానికి పూసే మందు వల్ల కాఫీపొడి లాంటి నల్లటి స్రావం పోతుందని, కంగారుపడొద్దని ఉంది. అన్నిటికీ అంకె ఉంది, రంగు ఉంది, పోలిక ఉంది. నొప్పికి మాత్రం మూడు మాటలు: స్వల్ప అసౌకర్యం కలగవచ్చు.

‘కలగవచ్చు’ అనే క్రియని చూడండి. ఎవరూ ఏమీ చెయ్యరు, ఎవరికీ ఏమీ జరగదు. అసౌకర్యం దానంతటది కలుగుతుంది, వాన కురిసినట్టు. ఇక ‘అసౌకర్యం’. ఈ మాట మనం నోటితో ఎప్పుడన్నా వాడతామా? ఇంట్లో ఎవరైనా “నాకు అసౌకర్యంగా ఉందమ్మా” అని పడుకుంటారా? దీన్ని మనం వినేది సికింద్రాబాద్ స్టేషన్లో. ఫలానా ఎక్స్‌ప్రెస్ గంట ఆలస్యంగా నడుస్తోంది, ప్రయాణికులకి కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. ఇంగ్లీషు వైపున్న ‘డిస్కంఫర్ట్’కి నిఘంటువులో ఇదే దొరికి ఉంటుంది. ఇంగ్లీషు మాటైనా ఒంటికి సంబంధించింది. తెలుగులోకి వచ్చేసరికి అది రైలు ఆలస్యం అయిపోయింది.

తెలుగులో మాటలు లేక కాదు. పోటు, సలుపు, తీపు, గుంజు, మంట, చురుకు. మెలిపెట్టినట్టు, పిండినట్టు, గుచ్చినట్టు, కోసినట్టు. మా అమ్మ మోకాలికి వాడే మాట నడుముకి వాడదు. వైద్యులకి ఇంతకన్నా మంచి డేటా ఏం కావాలి? ఒకటి నుంచి పది దాకా అంకె చెప్పమంటారు గానీ, ‘ఏడు’ అనే మాటకన్నా ‘లోపల్నించి గుంజుతోంది’ అనే మాటలో ఎక్కువ సమాచారం ఉంది. మా ఆఫీసులో ఎవరైనా బగ్ రిపోర్ట్ చేస్తే, నా మెషీన్‌లో బానే పనిచేస్తోందని టికెట్ మూసేసే మహానుభావులు కొందరుంటారు. నరాలుండవనే మాట వినగానే నాకు వాళ్ళే గుర్తొచ్చారు.

ఆ మాటకి వంశవృక్షం ఉంది. 1953లో వచ్చిన కిన్సీ రిపోర్టు ఈ భాగాన్ని దాదాపు స్పర్శలేనిదిగా చూపించింది. మెల్లగా తాకితే తెలియకపోవడం వేరు, పట్టకారుతో ముక్క తుంచితే తెలియకపోవడం వేరు. ఇంకా వెనక్కి వెళ్తే స్పెక్యులమ్ దగ్గరికి వస్తాం. 1840లలో అలబామాలో మారియన్ సిమ్స్ అనే డాక్టర్ బానిస స్త్రీల మీద మత్తు లేకుండా ఆపరేషన్లు చేస్తూ తన పరికరాన్ని సానబెట్టుకున్నాడు. అనార్కా అనే ఒక్కామె మీదే దాదాపు 30 సార్లు. న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో ఉన్న ఆయన విగ్రహాన్ని 2018లో తీసేశారు. కాల్పోస్కోప్‌ని 1925లో తయారుచేసిన జర్మన్ డాక్టర్ హిన్సెల్మన్‌కి, రోమా స్త్రీలకి బలవంతంగా పిల్లలు పుట్టకుండా చేసినందుకు యుద్ధం తర్వాత శిక్ష పడింది. పరికరాలు మంచివే కావొచ్చు. కానీ అవి పుట్టిన గదుల్లో బల్ల మీదున్న మనిషి మాటకి విలువ లేదు.

మన సాహిత్యం ఈ గదిలోకి వచ్చిందా? పక్కగది దాకా వచ్చింది. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’ కవిత చదివినవాళ్ళెవరూ ఆ తర్వాత మాతృత్వం మహిమ గురించి ఉపన్యాసాలు ఇదివరకటిలా వినలేరు. 1991లో హైదరాబాద్‌లో స్త్రీల బృందం తెచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ ఇంకో మెట్టు. ఆడవాళ్ళ ఆరోగ్యం గురించి ఆడవాళ్ళే, అడిగేవాళ్ళ భాషలో రాసుకున్న పుస్తకం. దాన్ని సాహిత్య చరిత్రలో ఎవరూ లెక్కేయరు. వచనం ఎలా రాయాలో నేర్చుకోడానికైనా లెక్కేయాలని నా అభిప్రాయం. మా కరపత్రం రాసినవాళ్ళు ఆ పుస్తకాన్ని ఒక్కసారి తిరగేసి ఉంటే బాగుండేది.

కానీ నేను చదివినంతలో మన కథల్లో, కవితల్లో ఒక నొప్పి ఉంటే దాని చివర బిడ్డో, చావో, పెద్ద ఆపరేషనో ఉండాలి. భాషలోనే ఈ లెక్క ఉంది. ‘నొప్పి’ అంటే ఏదైనా కావొచ్చు, ‘నొప్పులు’ అంటే మాత్రం కాన్పే. బహువచనం ఒక్కదానికే రాసిచ్చేశాం. అమ్మాయికి నొప్పులొస్తున్నాయంటే ఇల్లంతా లేచి పరిగెడుతుంది. అదే అమ్మాయి మంగళవారం మధ్యాహ్నం హాఫ్ డే లీవ్ పెట్టి, బయాప్సీ చేయించుకుని, ఆటోలో వంగి కూర్చుని ఇంటికొస్తే దానికి పేరు లేదు. పైగా కన్నవాళ్ళైతే “పురిటినొప్పులే పడ్డావు, ఇదో లెక్కా?” కననివాళ్ళైతే “దీనికే ఇలా అంటే రేపు కాన్పు ఎలా?” అటు తిరిగినా ఇటు తిరిగినా కాన్పే కొలబద్ద.

చిన్న నొప్పికి మాట లేకపోతే ఏమవుతుందో మన రెండు రాష్ట్రాల్లో కొంచెం కనిపిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత లెక్క ప్రకారం 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ప్రైవేటు ఆసుపత్రుల లాభం, ఇన్సూరెన్స్ పథకాలు, పొలం పని, దీనికి కారణాలు చాలా ఉన్నాయి, వాటి మీద తెలిసినవాళ్ళు రాశారు. నేను వినేది అందులోని భాషని. “ఆ సంచి ఇంకెందుకమ్మా, తీసేస్తే పీడా పోద్ది.” నెలనెలా వచ్చే పోటుని, తెల్లబట్టని ఏళ్ళ తరబడి ‘మామూలే’ అన్న నోళ్ళే ఒకరోజు మొత్తం అవయవాన్నే తీసేద్దామంటాయి. మామూలుకీ కత్తికీ మధ్య ఆగి మాట్లాడుకోడానికి చోటు లేదు.

వరంగల్‌లో గైనకాలజీ చదివిన స్నేహితురాలికి ఇదంతా చెప్తే నవ్వలేదు. “నువ్వు రాయి, చదివినవాళ్ళు భయపడి పరీక్షకే రారు” అంది. ఆమె మాట తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఐదో విడత సర్వే ప్రకారం మన దేశంలో 30-49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఒక్కసారైనా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్ళు 1.9 శాతమే. ఆ 1.9ని 1.8 చేసే వ్యాసం ఎవరికి కావాలి? కానీ నేనడుగుతున్నది ఇంకొకటి. చీమ అని చెప్పి పిలిస్తే ఒకసారి వస్తారు. ఆరునెలల తర్వాత మళ్ళీ రమ్మంటే? ఇంటికెళ్ళి చెల్లెలికీ తోడికోడలికీ ఏం చెప్తారు?

నిజం చెప్తే పారిపోతారనేది పాత భయం. ఇంగ్లీషు నవలాకారిణి ఫానీ బర్నీకి 1811లో పారిస్‌లో రొమ్ము తీసేశారు, మత్తుమందే లేని రోజుల్లో. తర్వాత అక్కకి రాసిన ఉత్తరంలో అదంతా వివరంగా పెట్టింది. కత్తి సంగతి అందరూ గుర్తుపెట్టుకుంటారు. నాకు గుర్తుండిపోయింది ఇంకొకటి. డాక్టర్లలో ఒకాయన మోసం చెయ్యనని, నొప్పి చాలా ఉంటుందని ముందే చెప్పేస్తాడు. ఇంకొకాయన బిగబట్టుకోవద్దు, అరవమంటాడు. ఆమె ఒప్పుకుంది, బతికింది, ఇంకో 28 ఏళ్ళు. ఆ రోజుల్లో చేతిలో మందు లేకపోయినా నోట్లో మాట ఉంది. ఇప్పుడు మందు ఉంది. స్ప్రేలు, జెల్, ఇంజెక్షన్, అన్నీ. అమెరికా గైనకాలజిస్టుల సంఘం 2025 మేలో ఇలాంటి క్లినిక్ ప్రొసీజర్ల గురించి సలహాలు ప్రకటించింది. నొప్పి మనిషిని బట్టి మారుతుంది, ముందే మాట్లాడండి, ఏమేం ఇవ్వగలరో చెప్పండి. ఇంతే సారాంశం. దీనికి 2025 దాకా పట్టింది.

అదే ఏడాది ‘ది రిట్రీవల్స్’ రెండో సీజన్ కూడా వచ్చింది. ఈసారి చికాగో ఆసుపత్రి, సిజేరియన్ జరుగుతుండగా నొప్పి తెలిసిన ఆడవాళ్ళు. ఇందులో దొంగ లేదు. సీసాలో మందే ఉంది, డాక్టర్లు మంచివాళ్ళే, అయినా నొప్పి పుట్టింది, చెప్పినా చాలాసేపు ఎవరికీ వినపడలేదు. మొదటి సీజనంత పేరు రాలేదు. నాకు మాత్రం ఇదే మెరుగైన పని అనిపించింది. ఎవర్ని జైల్లో పెట్టాలనే ప్రశ్న లేకపోయేసరికి, బల్ల మీద మనిషి నొప్పి అన్నప్పుడు పక్కనున్నవాళ్ళు సరిగ్గా ఏమనాలి అనే ప్రశ్న దగ్గర బర్టన్ చివరిదాకా నిలబడగలిగింది. అది మందుల ప్రశ్న ఎంతో, వాక్యాల ప్రశ్న కూడా అంతే.

మా కరపత్రంలో ఆ మూడు మాటల చోట నేనైతే ఇలా రాస్తాను: ‘ముక్క తీసేటప్పుడు కొందరికి చురుక్కుమంటుంది, కొందరికి పొత్తికడుపులో గట్టిగా మెలిపెట్టినట్టు ఉంటుంది. మీకెలా ఉంటుందో మాకు ముందే తెలియదు. నొప్పి తగ్గించే మందు కావాలంటే మొదలుపెట్టకముందు అడగండి. మధ్యలో ఆపమంటే ఆపుతాం.’ కరపత్రంలో నాలుగు లైన్లు పెరుగుతాయి. పార్కింగ్ గురించి ఉన్న పేరా కాస్త కుదిస్తే చోటు దొరుకుతుంది.