బాల్‌సఖి జీతమెంత?

మాధవ్ చవాన్ చదివింది కెమిస్ట్రీ. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసి, ముంబయికి తిరిగొచ్చి పాఠాలు చెప్పుకుంటున్న మనిషి అక్షరాస్యత ఉద్యమంలో పడ్డారు. ఇక అటే ఉండిపోయారు. 1995లో ఫరీదా లాంబేతో కలిసి 'ప్రథమ్' సంస్థ మొదలుపెట్టారు. మురికివాడల్లో బాల్వాడీలకు బిల్డింగుల కోసం ఆగలేదు. గుడి దొరికితే గుడి, లేదంటే ఎవరింట్లోనో ముందుగది. టీచరు కూడా ఆ వాడ అమ్మాయే.

ఆయన పనితనమంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది. పెద్ద చదువులు చదివిన మనిషి, పదో తరగతి గట్టెక్కిన అమ్మాయి చేతికిచ్చినా నడిచేంత తేలిగ్గా పనిని మలిచారు. 2005 నుంచి దేశమంతటా పల్లెల్లో తిరుగుతున్న ప్రథమ్ వాళ్ల అసర్ సర్వే చూడండి. చదువు పరీక్షంతా ఒక్క కాగితం. అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. పిల్ల ఎక్కడ ఆగిందో చూసి రాసుకుంటారు, అంతే.

ఆ కాగితం విలువ మా బస్తీలో సాయంత్రం క్లాసు చెప్పడం మొదలుపెట్టాకే నాకు తెలిసొచ్చింది. ఐదో తరగతి పిల్ల ఒకతి వాచకం గడగడా చదివేస్తుంది. మధ్యలో 'కష్టం' మీద వేలు పెట్టి "ఇదేంటమ్మా?" అంటే నోరు పెగలదు. పాఠం మొదటినుంచి లోలోపల అప్పజెప్పుకుంటూ వచ్చి, వేలున్న చోటు తగిలాక అప్పుడు చెబుతుంది. పాఠం నోటికొచ్చు, వత్తులు రావు. బడిలో ఎవరూ మధ్యలో వేలు పెట్టరు కాబట్టి బండి నడిచిపోయింది. ఇలాంటి పిల్లను తరగతి చూడకుండా, మాటల దగ్గర ఆగినవాళ్లతో కూర్చోబెట్టాలన్నది ప్రథమ్ పద్ధతి.

బడుల్లో చదువు నేర్పడానికి ప్రథమ్ పెట్టుకున్న వాడ అమ్మాయిలను 'బాల్‌సఖి' అన్నారు. ఏడాది మొదట్లో రెండు వారాల శిక్షణ, ఆపైన రోజుకు రెండు గంటలు, వెనకబడ్డ పిల్లలతో. ముంబయి, వడోదర బడుల్లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం దీన్ని పరీక్షించి చూసింది. పిల్లల మార్కులు బాగానే పెరిగాయి. పథకం ముగిసిన ఏడాదికి ఆ లాభం చాలావరకు తగ్గింది. 2019లో ఆ ఇద్దరికీ మైఖేల్ క్రెమర్‌తో పాటు నోబెల్ వచ్చింది. బాల్‌సఖి పథకం ఎంత చవగ్గా అయిపోయిందో అని చాలామంది మెచ్చుకున్నారు.

నాకు గుచ్చుకునేది ఆ చవకే. బాల్‌సఖి నెల జీతం వెయ్యి రూపాయలు కూడా దాటేది కాదు. వాడలో పుట్టి పదిమందికి అక్షరం నేర్పిన ఆ అమ్మాయి నాయకురాలు కాక ఇంకెవరు? పరిశోధన ప్రధానంగా లెక్కగట్టింది మాత్రం పిల్లల మార్కులనే. ఆమె తర్వాత కాలేజీకెళ్లిందా, ఇంట్లో ఆమె మాటకు బలం పెరిగిందా అన్న లెక్కలు కూడా ఉంటేనే చవకో ఖరీదో తేలేది.

మా క్లాసులో ఇప్పుడు పిల్లలను గుంపులుగా విడదీసేది మా వీధి ఇంటర్ అమ్మాయే. ఆ పని నాకన్నా చురుగ్గా చేస్తుంది. మొన్న "సార్, నాకు నెలకెంతిస్తారు?" అని మొహమాటం లేకుండా అడిగింది. మూడువేలన్నా ఇవ్వాలని నేనంటున్నాను. మా క్లాసుకు చందాలిచ్చేవాళ్లు సేవకు జీతమేంటంటున్నారు. ఆదివారం మీటింగుకు ఆమెనే పిలిచాను, అడగాల్సింది ఆమే అడుగుతుంది.