పొయ్యి మీదే ముదిరే తారు

రోహిణి కార్తెలో బందరు రోడ్డు దాటేటప్పుడు చెప్పులు తారుకు అంటుకుంటాయి. రోడ్డు కరిగిపోతోందని బెజవాడంతా తిట్టుకుంటుంది. ఆ మెత్తదనం రాత్రికి పోతుంది. పోనిది బిరుసు. వేడికి తారు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఏటేటా గట్టిపడుతుంది, పెళుసవుతుంది. ఇది ఎవరి చెప్పుకీ అంటదు కాబట్టి ఎవరూ తిట్టరు.

కొన్నాళ్లు రోడ్డు పనుల వెంట తిరిగినవాణ్ని. నన్నడిగితే ఎండ మీద మనం వేసే నింద ఎక్కువే. తారు రోడ్డెక్కకముందే చాలావరకు ముదిరిపోతుంది. హాట్ మిక్స్ ప్లాంటులో 150–165 డిగ్రీల వేడి మీద, కంకర చుట్టూ మైక్రాన్లలో కొలిచేంత పల్చని పొరగా పరుచుకుంటుంది. పొర ఎంత పల్చనైతే గాలికి అంత తేలిగ్గా దొరుకుతుంది. ఈ ముదురు ఎంతో తేల్చడానికి ల్యాబులో తారును గాజు సీసాల్లో పోసి, 163 డిగ్రీల ఓవెన్‌లో గంటకు పైగా తిప్పుతారు. ఆపైన దాని చిక్కదనం మొదటిదానికి నాలుగు రెట్లు మించకూడదని ఐఎస్ 73 ప్రమాణం. నాలుగు రెట్ల దాకా ప్రమాణమే ఒప్పేసుకుందన్నమాట!

గుంతలు పూడ్చేచోట మరీ అన్యాయం. డ్రమ్ము కింద మంట ఎగదోసి పొగలు కక్కేదాకా కాచేస్తారు. "పొగ రాకపోతే కంకరకి పట్టదు సార్" అంటారు మేస్త్రీలు. ఆ పొగలో పోయేది తారులోని తేలికపాటి నూనెలే. అరిసెల పాకం ముదిరితే ఏమవుతుందో ఇంట్లో అడగండి.

కృష్ణా డెల్టాది ఇంకో చిక్కు. ఇక్కడ ఎంత తవ్వినా మట్టే, రాయి లేదు. కంకర కొండపల్లి, దొనబండ వైపు నుంచి రావాలి. అక్కడే కలిపిన వేడి మిశ్రమం అవనిగడ్డ, నాగాయలంక దాకా టిప్పర్‌లో పోవాలంటే దారిలో చల్లారుతుంది. 90 డిగ్రీలకు దిగేలోపు రోలర్ పని పూర్తికావాలి. లేదంటే సరిగా అణగదు, లోపల మిగిలిన సందుల్లోకి గాలి చేరి తారు మళ్లీ ముదురుతుంది. ఆ భయంతో ప్లాంటులోనే మంట పెంచితే బయల్దేరకముందే ముసలిదవుతుంది. పైగా కింద నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుంటుంది. లేత తారు కొంతవరకు దానితోపాటు సాగుతుంది. ముదిరింది పగులుతుంది.

సుమారు 30 డిగ్రీల తక్కువ వేడితో కలిపినా అణిగే వార్మ్ మిక్స్‌కు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2014లోనే మార్గదర్శకాలిచ్చింది. కృష్ణా కరకట్ట మీద వేసే ప్రతి రోడ్డు టెండరులోనూ ఆ మాట ఉండాలంటాను. అది వచ్చేదాకా కనీసం టిప్పర్ దిగినప్పుడల్లా థర్మామీటర్ గుచ్చి చూడాలి, అంకె వేసేది ఆఫీసులో కూర్చుని కాకుండా.