నారింజ, పసుపు ఈకల ఆప్టే ఫ్లై

1991లో అమెరికా తపాలా శాఖ చేపల వేటకు వాడే ఈకల ఎరల మీద, అంటే ఫ్లైల మీద, అయిదు రకాల 29 సెంట్ల బిళ్లలు వేసింది. వాటిలో ఒకటి ఆప్టే టార్పాన్ ఫ్లై. ఫ్లోరిడా కీస్ దీవుల్లో చేపల వేట గైడుగా పనిచేసిన పైలట్ స్టూ ఆప్టే పేరు దానికి నిలిచిపోయింది.

ఇది ఏ చేపపిల్లకూ, ఏ రొయ్యకూ నకలు కాదు. ఒంటినిండా నారింజ, పసుపు. రంగుతో పిలవడమే దీని పని. అయినా నన్ను కట్టిపడేసేది రంగు కాదు, కట్టిన చోటు. ఈకలన్నీ గాలపు కాడకు వెనక కొసన, వంపు మొదలయ్యే చోటే ఉంటాయి. ముందు భాగమంతా దారం చుట్టిన బోడి కాడే. ఈకలు ముందునుంచి వేలాడితే, విసిరినప్పుడు వెళ్లి గాలం వంపుకు చుట్టుకుంటాయి. అలా మెలిపడ్డ ఎర నీటిలో వంకరగా నడుస్తుంది. వెనక కడితే ఆ బెడదే లేదు. పైగా బోడి కాడ నీళ్లు పీల్చదు, గాలిలో తేలిగ్గా సాగుతుంది. ఎంత పొదుపైన ఆలోచన!

కోడిపుంజు నడుము మీది పొడవాటి ఈకలను వీపుకు వీపు ఆనించి, కొసలు బయటికి విచ్చుకునేలా కడతారు. ఇక్కడే చేతి నేర్పు తెలుస్తుంది. ఈక కాడ గుండ్రం, దారం బిగించగానే దొర్లిపోతుంది. అందుకే మొదలును పట్టకారుతో నొక్కి చదును చేస్తారు. తర్వాత రెండు రంగుల ఈకలనూ ఆ మొదలు దగ్గర గుబురుగా చుడతారు. గాలపు తాడు, అంటే లైన్, లాగితే కొసలు ముడుచుకుంటాయి, ఆపితే కప్ప కాళ్లలా విచ్చుకుంటాయి. ఆ కదలికతోనే ఎరకు ప్రాణం వస్తుంది.

ఈ ఎరతో పట్టేది టార్పాన్ అనే చేపను. దాని కింది దవడ పైకి పొడుచుకొచ్చి ఉంటుంది, ఆ చేప పైకి చూసి మేస్తుంది. కాబట్టి ఎర దాని ముందు, కాస్త పైగా నడవాలి. ఎదురొచ్చి మీద పడకూడదు. వేటాడే చేప మీదికి ఏ చిరుచేప వెళ్తుంది? టార్పాన్ నోరేమో రాయంత గట్టి. ఎరను పట్టగానే గాలపు కర్ర ఎత్తకుండా లైన్‌నే చేత్తో సూటిగా లాగి గాలం దింపాలి. చేప ఎగిరిన క్షణాన కర్రను దాని వైపు వంచి లైన్ వదులు చేయాలి, లేకపోతే తెగుతుంది. ఇన్నిటికంటే ముందు గాలపు మొనకు ఆకురాయి పట్టాలి. గోటి మీద ఆనిస్తే జారకుండా నిలవాలి. జారిందా, ఇంకా పదును పెట్టాల్సిందే.