వల నిండేదాకా

చాలా ఏళ్ళ కిందట ఒక ఆదివారం మత్తయి 13వ అధ్యాయంలోని వల ఉపమానం మీద వాక్యం చెప్పాను. చేపల ఏరివేత దగ్గర మొదలుపెట్టి అగ్నిగుండం దగ్గరే ఆగిపోయాను. చెబుతున్నంతసేపూ మా ఊళ్ళో తాగి తిరిగే ఒక మనిషి నా మనసులో మెదులుతున్నాడు. పేరెత్తలేదు గానీ వినేవాళ్ళకు తెలిసిపోయింది. ఆరాధన అయ్యాక, చేపల గంప మోసి పిల్లల్ని పెంచిన ఒక పెద్దమ్మ దగ్గరికొచ్చింది. "నీటిలోన ఎవులేరతారు బాబూ? ముందు వల ఒడ్డుకి రావాల గదా" అంది.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. మూలం తిరగేశాను. గలిలయలో పేతురు, అంద్రెయ వేస్తున్నది విసురువల, ఒంటిచేతి పని. ఈ ఉపమానంలో గ్రీకు మాట వేరు: 'సగేనే'. కొత్త నిబంధన మొత్తంలో ఇక్కడొక్కచోటే వస్తుంది. ఒడ్డుకు లాగే పెద్దవల అన్నమాట. మా మంచినీళ్ళపేటలో చిన్నపిల్లాడికి కూడా దాన్ని వివరించక్కర్లేదు. ఒక తాడు కొస ఒడ్డున మనుషులకు అప్పగించి, తెప్ప మీద అర్ధచంద్రంలా వల వదులుతూ వెళ్ళి, రెండో కొసతో తిరిగి ఒడ్డు చేరతారు. ఆ తర్వాత రెండు తాళ్ళకూ ఎంతమంది దొరికితే అంతమంది. కవళ్ళు, నెత్తళ్ళు, జెల్లలు, సముద్రపు పాములు, ఒక్కోసారి గుడ్లు పెట్టడానికొచ్చిన ఆలివ్ రిడ్లీ తాబేలు కూడా వస్తుంది. వల దేన్నీ వద్దనదు. నిండాకే లాగారని యేసు చెప్పాడు; కూర్చుని ఏరారనీ చెప్పాడు. ఆ ఏరే పని మాత్రం దేవదూతలది. మనది కాదు. అదే అధ్యాయంలో గోధుమల మధ్య గురుగులు పెరికేస్తామన్న పనివాళ్ళను కూడా యజమాని ఆపాడు, గోధుమలూ ఊడొస్తాయని.

మనకు ఇంకో చిక్కుంది. యేసు ఆ వలతో పోల్చింది పరలోక రాజ్యాన్ని. 'పరలోకం' అనగానే తెలుగువాడి చెవికి చావు తర్వాతి సంగతిలా వినిపిస్తుంది. మార్కు, లూకా 'దేవుని రాజ్యం' అన్న చోట మత్తయి ఎక్కువగా 'పరలోక రాజ్యం' అంటాడు. దేవుని పేరు పలకడానికి యూదులు వెనకాడే భక్తి అందులో ఉందని చాలామంది పండితుల మాట. అది ఎక్కడో పైనున్న ఊరు కాదు, దేవుడి ఏలుబడి. ఈ సువార్త తెలుగులో మొదట అచ్చయిన అనువాదం కూడా మన ఉత్తరాంధ్ర ఒడ్డునే తయారైంది: విశాఖపట్నంలో మిషనరీ డెస్‌గ్రాంజెస్, ఆనందరాయర్ కలిసి చేసిన అనువాదం 1812లో సెరాంపూర్‌లో అచ్చయింది. ఉప్పుగాలిలో తెలుగైన కథను నేను మేఘాల మీదికి ఎక్కించేశాను.

మంచీ చెడ్డా సంగతి కూడా నేననుకున్నంత తేలిక కాదు. రెక్కలు, పొలుసులు లేనిది తినకూడదని లేవీయకాండం 11వ అధ్యాయం. గలిలయ సరస్సులో పొలుసుల్లేని, మన మార్పు జాతి చేప ఉంది. యూదు జాలరి దాన్ని పక్కకు విసిరేయాల్సిందే. మా ఒడ్డున జెల్లకూ పొలుసులుండవు; పెద్దమ్మ మాత్రం దాన్ని పులుసుకని ముందే గంపలో వేసుకుంటుంది. చేపను చూసి నేను తీర్పు చెప్పగలనని ఇప్పుడు అనలేను.

ఆ ఆదివారం మర్నాడు తెల్లవారకముందే పెద్దమ్మ నన్ను ఒడ్డుకు తీసుకెళ్ళింది. తాడు తడిసి బరువెక్కింది, అరచేతులు మండాయి. సముద్రం వైపు ముఖాలు పెట్టి, వెనక్కి అడుగులేస్తూ లాగుతున్నాం. నా వెనక తాడు పట్టింది ఆ మనిషే, నా ప్రసంగంలో నేను గట్టున పారేసినవాడు. ఆదివారం మాట అతనికి చేరిందో లేదో అడగలేకపోయాను. అతని మడమలు ఇసకలో తవ్విన గుంటల్లోనే నా మడమలు ఆనుతున్నాయి. వల ఇంకా దూరంగానే ఉంది.