ఆరు పేర్ల షెడ్యూలు

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చినప్పుడు అందులో మొక్కలకు చోటు లేదు. 1991 సవరణతో చేరిన ఆరవ షెడ్యూలులో ఉన్నవి ఆరు పేర్లే: నీలి వాండా, ఎర్ర వాండా, లేడీస్ స్లిప్పర్ ఆర్కిడ్లు, కూత్, పిచర్ ప్లాంట్, సైకస్ బెడ్డోమి. వేల రకాల పూలమొక్కలున్న దేశానికి ఆరు పేర్లు ఎలా సరిపోయాయన్న ప్రశ్న పాతదే. తిరుపతి, కడప కొండలకు దాదాపుగా పరిమితమైన ఆ చివరి మొక్కకైనా ఈ చట్టం సరిపోయిందా అన్నది ఇంకా పదునైన ప్రశ్న.

డయ్యర్ 1883లో దీనిని వర్ణించి, మద్రాసు అటవీశాఖాధికారి బెడ్డోమ్ పేరు పెట్టాడు. స్థానికులు పేరీత, కొండఈత అంటారు. చూపుకు పొట్టి ఈతచెట్టులా ఉన్నా, ఇది ఈత కుటుంబానిది కాదు. పువ్వే పూయని, అతి ప్రాచీనమైన వృక్షవర్గానికి చెందినది.

ఇందులో మగమొక్క వేరు, ఆడమొక్క వేరు. మగమొక్క నడినెత్తిన వచ్చే శంకువులోనే పుప్పొడి ఉంటుంది. సత్తువనిచ్చే మందని జనం కోసుకుపోయేది సరిగ్గా దానినే. కోసినంత మాత్రాన మొక్క చావదు, కనుక మొక్కల లెక్క తగ్గదు. పుప్పొడి అందని ఆడమొక్క మాత్రం మొలకెత్తే విత్తనం ఇవ్వదు. వేసవి కార్చిచ్చును ముదురు కాండం తట్టుకుంటుంది, లేతమొలక తట్టుకోలేదు. ముసలివాళ్ళు మాత్రమే మిగిలిన ఊరిని జనాభా లెక్కల్లో చూసి నిబ్బరపడటం లాంటిదే ఇక్కడ మొక్కలను లెక్కపెట్టి ఊరుకోవడం.

1987లో సైటీస్ ఒప్పందం దీనిని మొదటి అనుబంధంలో చేర్చింది. ఆ ఒప్పందం పట్టించుకునేది దేశాల మధ్య వ్యాపారాన్ని. కొండ దిగువ అమ్మకం దాని కంటికి ఆనదు. దేశీయ చట్టం కోతను నిషేధించి, గిరిజనులు తమ జిల్లాలో సొంత వాడకానికి కోసుకునే వీలు ఉంచింది. అది న్యాయమే. అయితే కోసేవారి గురించి ఇంత ఆలోచించిన చట్టం కొనుగోలునూ నియంత్రిస్తుంది గానీ, కొనేవారికి ఆ మందు ప్రమాదం గురించి ఏమీ చెప్పదు. సైకస్ ప్రజాతి మొక్కల్లో ఉండే సైకాసిన్ కాలేయానికి హాని చేస్తుంది. ప్రయోగశాల జంతువుల్లో కాన్సర్ కలిగించింది. బలానికని కొనేవాడికి అరుదైన మొక్క అన్న మాటకన్నా ఈ మాట ముందు చేరుతుంది. సంరక్షణ సాహిత్యం ఈ వైద్యకోణాన్ని ఎందుకో అంచుకు నెట్టేసింది.

2022 సవరణ మొక్కలను మూడవ షెడ్యూలుకు మార్చింది. బెడ్డోమ్ సైకస్ అక్కడా ఉంది. మగ, ఆడ మొక్కల నిష్పత్తి ఎంత, ఏటా మిగిలే శంకువులెన్ని, విత్తనం పడినచోట మొలకలు ఎన్నేళ్ళు నిలుస్తున్నాయి అన్న లెక్కలు కొండమీదికి వెళ్ళి రాసుకోవలసినవి. షెడ్యూలులో వాటికి గడి లేదు.