బియ్యపు సంచిపై సంఖ్య

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. వాని ప్రకారము ఈ దేశమున మధుమేహము కలవారు సుమారు 10 కోట్ల మంది. మధుమేహ పూర్వస్థితిలో నున్నవారు సుమారు 13 కోట్ల 60 లక్షల మంది. పరగడుపున 100 మిల్లీలీటర్ల రక్తములో గ్లూకోజు 100 మొదలు 125 మిల్లీగ్రాముల వరకు ఉన్నచో అమెరికా మధుమేహ సంఘము దానిని పూర్వస్థితిగా గుర్తించుచున్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 110 నుండి లెక్కించుచున్నది. ఇది ఇంకను మధుమేహము కాదు, హెచ్చరిక. ఆహారమును, అలవాట్లను సరిచేసికొన్నవారిలో పలువురు వెనుకకు మరలుచున్నారు. కావున ఈ దశలో రోగికి అందు సలహా సరియైనదై యుండవలెను.

తెలుగునాట నేడు తరచుగా వినవచ్చు సలహా యిది: "అన్నము తగ్గింప నక్కరలేదు, బియ్యము మార్చిన చాలును." దీనికి ఆధారముగా చూపబడునది తెలంగాణ సోనా అను ఆర్.ఎన్.ఆర్. 15048 రకము. రాజేంద్రనగరములోని వ్యవసాయ శాస్త్రజ్ఞులు రూపొందించిన ఈ సన్నరకము స్వల్పకాలములో పండును; తినుటకు రుచిగా నుండును. దీని గ్లైసీమిక్ సూచిక సుమారు 51 అని పరీక్షలలో తేలినది. శాస్త్రజ్ఞుల కృషి ప్రశంసనీయమే. అయితే అంగళ్లలో ఈ బియ్యమునకు "షుగర్ ఫ్రీ" అను పేరు వచ్చినది. ఆ పేరు శుద్ధ తప్పు. ఏ తెల్లబియ్యమైనను నూరు గ్రాములలో సుమారు 78 గ్రాములు పిండిపదార్థమే. అది జీర్ణమైన పిదప గ్లూకోజుగానే రక్తమున చేరును.

సూచిక యేమి చెప్పును?

గ్లైసీమిక్ సూచికను 1981లో కెనడా దేశపు టొరంటో విశ్వవిద్యాలయమున డేవిడ్ జెంకిన్స్, ఆయన సహచరులు ప్రతిపాదించిరి. జీర్ణమగు పిండిపదార్థము 50 గ్రాములు లభించునంత ఆహారమును ఒకరికి పెట్టి, రెండు గంటలసేపు రక్తములోని గ్లూకోజును పలుమార్లు కొలిచి గ్రాఫు గీయుదురు. ఆరంభపు మట్టమునకు పైన, గీతకు క్రింద ఏర్పడిన వైశాల్యమును, 50 గ్రాముల గ్లూకోజు త్రాగినప్పటి వైశాల్యముతో పోల్చుదురు. గ్లూకోజునకు 100 అనుకొన్నచో ఆహారమునకు వచ్చు విలువయే సూచిక. 55గాని అంతకు తక్కువగాని యున్నచో అల్పము. 70గాని అంతకు మించిగాని యున్నచో అధికము.

ఈ పద్ధతిలో పరిమాణమును ముందే సమానము చేయుదురు. ఎంత వేగముగా గ్లూకోజు పెరుగునో సూచిక తెలుపును గాని, ఎంత తినవచ్చునో తెలుపదు. పైగా పరీక్షలో అన్నమును విడిగా పెట్టుదురు. ఇంటిలో పప్పు, కూర, పెరుగు తోడగుటచే ఫలితము మారును.

లెక్క వేసి చూచినచో

సూచికను పిండిపదార్థపు గ్రాములతో హెచ్చించి నూటితో భాగించినచో గ్లైసీమిక్ భారము వచ్చును. సామాన్యపు బియ్యమునకు సూచిక 70 అనుకొందురు గాక. ఒక పూటకు 100 గ్రాముల బియ్యము వండుకొన్నచో భారము సుమారు 55. అంతే తూకము సోనా బియ్యమునకు సుమారు 40. ఇది నిజమైన లాభమే. కాని "ఇది చక్కెర లేని బియ్యము గదా" యను ధైర్యముతో అదే మనిషి 150 గ్రాముల బియ్యము వండుకొని తిన్నచో భారము సుమారు 60 అగును. వెనుకటి కంటె ఇప్పుడు స్థితి చెడినది! 137 గ్రాములు దాటగనే బియ్యము మార్చిన లాభమంతయు హరించిపోవును. హెచ్చరికను విని మేలుకొనవలసిన వానిని ఆ పేరే జోకొట్టుచున్నది.

బియ్యము మాని గోధుమరొట్టె తినుమను సలహాకును ఇదే విమర్శ వర్తించును. గోధుమపిండిలో దాదాపు మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. మెత్తగా విసరి జావకాచిన రాగిపిండియు గింజవలె నెమ్మదిగా జీర్ణము కాదు. పైన చెప్పిన సర్వేలోని ఆహార వివరములను పరిశీలించి 2025లో ప్రకటించిన వ్యాసము ప్రకారము, భారతీయుల ఆహారశక్తిలో సుమారు 62 శాతము పిండిపదార్థముల నుండియే వచ్చుచున్నది. మొత్తము తగ్గింపక, తెల్లబియ్యమునకు బదులు గోధుమపిండినో చిరుధాన్యపు పిండినో చేర్చినంత మాత్రమున ముప్పు తగ్గినట్లు కనబడలేదు. పిండిపదార్థములో కొంత తగ్గించి, ఆ స్థానమున పప్పుధాన్యములు, పాలపదార్థముల మాంసకృత్తులను చేర్చినచో ముప్పు తగ్గుటకు సంబంధము కనబడినది.

చెన్నైకి చెందిన ఎ. రామచంద్రన్ బృందము 2006లో ప్రకటించిన ప్రయోగము ఇంకను స్పష్టమైనది. పూర్వస్థితిలో నున్నవారిలో సామాన్యపు సలహా మాత్రమే పొందినవారికి మూడేండ్లలో నూటికి 55 మందికి మధుమేహము వచ్చెను. చక్కెర మాని, శుద్ధిచేసిన ధాన్యమును, మొత్తపు ఆహారశక్తిని తగ్గించి, పీచు పెంచి, రోజూ అరగంట నడచిన వారిలో నూటికి 39 మందికే వచ్చెను. అందు ఏ ఒక్క బియ్యపు రకమునకును మహిమ ఆపాదింపబడలేదు.

కావున అల్పసూచిక గల బియ్యము మంచిదే. కాని తగ్గించిన కొలతకు అది తోడు కావలెనే గాని, బదులు కారాదు. కంచములో సగము కూరగాయలు, పావువంతు పప్పు మొదలగునవి, మిగిలిన పావువంతు అన్నము – ఇది గుర్తుంచుకొనదగిన కొలత. మందులు వాడువారు మాత్రము వైద్యుని అడిగి మార్పు చేసికొనవలెను. ఉపాధ్యాయులు తరగతిలో ఒక పని చేయింపవచ్చును: ప్రతి విద్యార్థియు తన ఇంట ఒక పూటకు మనిషికి వండు బియ్యమును తూచి, పై లెక్క వేసి తెచ్చుట. సంచిపై లేని సంఖ్య అప్పుడు వారికే దొరకును.